ఒక దొంతర రొట్టెలు, మూడు పూటల బువ్వ

మా ఇంట్లో పొద్దు మూడున్నరకు మొదలయ్యేది. ఆ వేళకు లేచేది మా కోడలు. బెంగళూరులో గార్మెంట్స్‌లో కుట్టు మిషన్ మీద పని ఆమెకు. మారికుప్పంలో బయల్దేరే తెల్లవారు బండి తప్పితే ఆ రోజు కూలి పోయినట్టే. మూడున్నరకు లేచి అన్నం, పులుసు చేసి, పిల్లకు బడి డబ్బా కట్టి, మాకు టిఫిను మూతపెట్టి, తన డబ్బా సంచిలో వేసుకుని పరుగెత్తేది. ఏమన్నా తిన్నావా అమ్మీ అంటే, "బండిలో తింటా మామా" అనేది. ఆ బండిలో నిలబడేదానికే చోటు ఉండదు. అన్నం డబ్బా తెరిచి కలుపుకుని తినేది ఎట్లా?

పోయినేడాది ముందటేడు వానాకాలంలో ఒక రోజు ఆమె మిషన్ మీదనే తల తిరిగి పడిపోయింది. తోడు పని చేసే ఆడోళ్ళు బండి ఎక్కించి తీసుకొచ్చినారు. మర్నాడు ఆస్పత్రికి పోతే, రక్తం చూసి డాక్టరమ్మ నన్నే కోప్పడింది. ఆడమనిషికి 12 గ్రాములన్నా ఉండాల్సిన రక్తం ఈమెకు 7 గ్రాములే ఉందంట. "ఇంట్లో ఈ అమ్మాయి ఎప్పుడు తింటాది? ఏం తింటాది? మీరెవరన్నా చూస్తారా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇంట్లో ఐదుగురం. నలుగురం ఆమె చేతి వంట తింటున్నాం. ఆమె తినిందా లేదా అని చూసిన వాళ్ళు ఒక్కరూ లేరు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో రొట్టెల పని నాది. ఈ నెల పత్రికలో ఆ సంగతే రాస్తున్నా. నేను ఐదో తరగతి వరకే చదువుకున్నోణ్ణి. రాతలో తప్పులుంటే మన్నించండి. వంటలో తప్పులు మాత్రం చాలా చేసి, దిద్దుకున్న తరువాతే రాస్తున్నా.

మిల్లు గదిలో నేర్చిన పని

మా నాయన గని కార్మికుడు. ఆయన భూమి లోపలికి దిగే పని చూసి, నేను మాత్రం దిగనని మొండికేసి 1976లో బెంగళూరు పోయి నూలు మిల్లులో చేరినా. బిన్నీ, రాజా, మినర్వా అని మిల్లు పేరు చెప్తే చాలు, పిల్లనిచ్చే కాలం అది. నాది ఇంకా చిన్న మిల్లు. రింగ్ ఫ్రేము మీద పని. ఒక గదిలో ఆరుగురం ఉండేవాళ్ళం. అందులో ముగ్గురు బిజాపూర్ వైపు వాళ్ళు. వాళ్ళు ఊరినుంచి వచ్చేటప్పుడు తెల్ల గుడ్డలో ఇంత ఎత్తు దొంతర జొన్నరొట్టెలు కట్టి తెచ్చేవాళ్ళు. అప్పడంలాగా కరకరలాడేవి. నెల దాకా చెడేవి కాదు. వాటికి తోడు చెనక్కాయల పొడి ఒక డబ్బా. నైట్ షిఫ్టు దిగి వచ్చినాక పొయ్యి ముట్టించే ఓపిక ఎవరికుంటాది? ఒక రొట్టె, ఇంత పొడి, దాని మీద ఇంత నూనె, ఒక ఎర్రగడ్డ. పని ముగిసింది.

అప్పటికి నాకు రొట్టె అంటే చిన్నచూపు. మేము సంగటి తినే కోలార్ మనుషులం. రాగి మా ప్రాణం. గోధుమ మా ఇంట్లోకి వచ్చిందే కరువు కాలంలో. 1965, 66లో వానలు ఎగ్గొట్టినప్పుడు అమెరికా గోధుమ రేషన్‌లో ఇచ్చినారు. పీఎల్ 480 గోధుమ అనేవాళ్ళు. అప్పుడు నేను చిన్న పిల్లోణ్ణి. మా అమ్మకు దాంతో ఏం చెయ్యాలో తెలియక, రాగి మాదిరే సంగటి గెలికింది. ముద్ద జిగటగా చేతికి అంటుకుంటే మా నాయన పళ్ళెం పక్కకు నెట్టినాడు. రొట్టె చెయ్యడం మా అమ్మకు పక్క లైనులోని ఒక ముసలామె తరువాత నేర్పింది.

బిజాపూర్ అన్నలే నాకు పిండి కలపడం నేర్పినారు. మిల్లులో పని చేసినోళ్ళకు ఒక సంగతి తెలుసు. డిపార్ట్‌మెంట్‌లో తేమ తగ్గితే నూలు తెగుతాది. అందుకే పైనుంచి నీటి తుంపర కొట్టేవాళ్ళు. పిండి కూడా అంతే. తేమ తగ్గితే రొట్టె అంచు చీలుతాది, కాలినాక అట్టముక్క అయితాది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే సగం పని వచ్చినట్టే.

తరువాత మిల్లు మూతపడింది. కొన్నేళ్ళు మరమగ్గాల దగ్గర పని చేసి, ఒళ్ళు సహకరించక మా ఊరికే తిరిగొచ్చినా. నేను వచ్చేటప్పటికి ఇక్కడి గనులు కూడా పోయినాయి. 2001 ఫిబ్రవరి 28న మూసినారు. అప్పటినుంచి మన ఊరు బండి మీద బతుకుతోంది. మారికుప్పం, ఊరుగాం, కోరమండల్, బంగారుపేట, మాలూరు, అన్ని స్టేషన్లలోనూ చీకట్లోనే డబ్బా సంచులు పట్టుకుని జనం నిలబడతారు. పోను రెండు గంటల పైన, రాను రెండు గంటల పైన. నేను చెప్పే రొట్టెలు ఆ సంచుల కోసమే.

రొట్టె ఎందుకు మేలు అంటే

మా కోడల్ని కూర్చోబెట్టి అడిగినా. "అమ్మీ, నువ్వు తినేది ఎట్లా ఉంటే నీకు సుళువు?" అని. ఆమె చెప్పింది ఇది. మధ్యాహ్నం తిండికి ఇచ్చేది అరగంట. కుళాయి దగ్గర చెయ్యి కడుక్కునేదానికి వరస. తిన్నాక మళ్ళీ వరస. పసుపు, నూనె ఉన్న వేలు తెల్ల గుడ్డకు తగిలితే మరక. మరక పడితే సూపర్‌వైజర్ తిట్లు. అందుకని చాలామంది ఆడోళ్ళు సగం తిని మూత పెట్టేస్తారు. నేను 20 ఏళ్ళు మిల్లులో చేసినా, ఈ బాధ నాకు తట్టలేదు. మొగోడికి ఎవరో ఒకరు డబ్బా కట్టిస్తారు, వాడు తింటాడు, అంతే.

చుట్టిన రొట్టె అయితే ఒక చేత్తో పట్టుకుని తినొచ్చు. కాగితం చుట్టి ఇస్తే చేతికి ఏమీ అంటదు. బండిలో నిలబడి కూడా తినొచ్చు. ఒకటి పొద్దున బండిలో, రెండు మధ్యాహ్నం, ఒకటి సాయంత్రం తిరుగు బండిలో. ఇదే మా లెక్క.

రాత్రి అరకాల్పు, పొద్దున నిండుకాల్పు

చపాతీ చెయ్యడం మీ అందరికీ వచ్చు. నేను చెప్పేది వేళ ఎట్లా మిగిలించుకోవాలని. ఐదుగురికి మేము ఒక కిలో గోధుమపిండి కలుపుతాం. 30 దాకా రొట్టెలు వస్తాయి. రెండు చిన్న గరిటెల ఉప్పు, గోరువెచ్చని నీళ్ళు 600 మిల్లీలీటర్ల దాకా. ఒక్కసారి పొయ్యొద్దు, పిండి తాగేకొద్దీ పొయ్యండి. చివర్న రెండు గరిటెల నూనె వేసి, అరచేతి మడిమెతో పది నిమిషాలు బాగా తొక్కినట్టు పిసకండి. తడిగుడ్డ కప్పి అరగంట వదిలెయ్యండి. ఆ అరగంటలో ఎర్రగడ్డలు తరుక్కోండి.

పెనం బాగా కాగినాక రొట్టె వేసి, ఒక పక్క అరనిమిషం, ఇంకో పక్క అరనిమిషం. తెల్లగానే ఉండాలి. గోధుమరంగు మచ్చ రాకూడదు. దీన్నే మేము అరకాల్పు అంటాం. రాత్రికి తినేవి మాత్రం పూర్తిగా కాల్చుకోండి. మిగతావి ఒక్కొక్కటిగా గుడ్డ మీద పరచండి. పూర్తిగా చల్లారినాకే దొంతర పెట్టి, నూలుగుడ్డలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టండి.

పొద్దున లేచి పెనం పెట్టి, ఒక్కొక్కటీ ఇటొకసారి అటొకసారి తిప్పితే చాలు, పొంగుతాది. పది రొట్టెలకు పది నిమిషాలు. పిండి కలిపేది లేదు, వత్తేది లేదు. మా కోడలు ఇప్పుడు నాలుగుంపావుకు లేస్తాది. ముక్కాలు గంట నిద్ర ఆమెకు మిగిలింది. వారానికి ఆరు రోజులు, లెక్క వేసుకోండి.

నా తప్పు ఒకటి చెప్తా. మొదట్లో తొందరపడి వేడి రొట్టెల్నే ప్లాస్టిక్ కవరులో వేసి మూతి కట్టినా. అది ఏప్రిల్ నెల. పొద్దున తెరిస్తే లోపలంతా ఆవిరి నీళ్ళు, రొట్టెలన్నీ ఒకదానికొకటి అంటుకుని పుల్లటి వాసన. 20 రొట్టెలు ఆవుకు పెట్టినా. మా ఇంటామె ఏమీ అనలేదు. ఆ చూపు చాలు. మన ఊరు కొంచెం ఎత్తు మీద ఉంది, రాత్రిళ్ళు చల్లగా ఉంటాది కాబట్టి తెల్లవారేదాకా నిలుస్తాయి. ఎండాకాలంలో ఆ పొద్దుకే వాడేయండి, రెండో రోజుకు దాచొద్దు. ఫ్రిజ్జు ఉంటే రెండు రోజులు పెట్టుకోవచ్చు. పాలు, పెరుగు పోసి కలిపిన పిండితో మాత్రం ఈ దాపుడు వద్దు, తొందరగా పులుస్తాది.

చుట్టలోకి ఏం పెట్టాలి

ఇక్కడ నా రెండో తప్పు. టమాట కూర బాగుందని పలుచగానే రొట్టెలో వేసి చుట్టి పంపినా. మధ్యాహ్నానికి డబ్బాలో రొట్టె లేదు, కూర లేదు, అంతా అంబలి. పక్క మిషన్ ఆమె "మీ మామ నీకు రొట్టె పాయసం పంపించినాడే" అని నవ్విందంట. ఆ రోజు డబ్బా అట్లే తిరిగొచ్చింది. ఆమె పస్తు ఉండిందే అని నాకు ఆ రాత్రి తిండి దిగలేదు. అప్పటినుంచి మాకు ఒకటే కట్టడి: చుట్టలో పెట్టేది పొడిగా ఉండాల, లేకపోతే గరిటె నుంచి జారనంత గట్టిగా ఉండాల.

చెనక్కాయల పొడి. పావు కిలో చెనక్కాయ గింజలు సన్నమంట మీద వేయించి, పొట్టు ఊదేసి, ఎనిమిది ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ పది రెబ్బలు, జీలకర్ర, ఉప్పు, ఇంత చింతపండు వేసి కచ్చాపచ్చాగా దంచండి. 15 రోజులు నిలుస్తాది. రొట్టెకు కాస్త నూనె రాసి, పొడి చల్లి, ఎర్రగడ్డ ముక్కలు వేసి చుట్టండి.

టమాట తొక్కు. మన కోలార్ టమాట మండి ఎంత పెద్దదో మీకు తెలుసు. ధర పడిపోతే రైతులు రోడ్డు మీద పారబోస్తారు, మండితే ముట్టుకోలేం. 2023లో కిలో 100 రూపాయలు దాటినప్పుడు మేమూ చింతపండుతో సరిపెట్టుకున్నాం. అగ్గువగా దొరికినప్పుడు కిలో టమాటలు తరిగి, నాలుగు గరిటెల నూనెలో తెల్లగడ్డ, కారం, ఉప్పు వేసి, నీళ్ళన్నీ ఇగిరి నూనె పైకి తేలేదాకా మగ్గనివ్వండి. మూడు రోజులు నిలుస్తాది. ఇది ఉంటే పొద్దున కూరే అక్కరలేదు.

గుడ్డు రొట్టె. పెనం మీద ఒక గుడ్డు కొట్టి, ఉప్పు, మిరియాల పొడి, కొత్తిమీర చల్లి, పచ్చిగా ఉన్నప్పుడే దాని మీద అరకాల్పు రొట్టె పరిచి నొక్కండి. నిమిషం తరువాత తిప్పండి. గుడ్డు రొట్టెకు అంటుకుపోతాది, కింద పడదు. బండిలో తినేదానికి మా కోడలికి ఇదే ఇష్టం.

ఉర్లగడ్డ, ఉడికించి గట్టిగా పిసికిన అలసందలు, వట్టిగా వేయించిన ఆకుకూర, ఇవన్నీ సరిపోతాయి. చలికాలంలో అనపకాయలు వచ్చినప్పుడు పితికిపప్పు గట్టిగా ఇగిర్చి పెడితే ఆ డబ్బా కోసం మిషన్ లైనంతా ఎదురుచూస్తారంట.

రాగిరొట్టె మరవొద్దు

వారానికి రెండు రోజులు మాకు రాగిరొట్టె. రాగి వట్టిది చేస్తే వేడిలో బాగుంటాది, చల్లారినాక చెక్కబారిపోతాది. దానికి ఉపాయం రాత్రి మిగిలిన సంగటి. రెండు గ్లాసుల రాగిపిండికి అర గ్లాసు గోధుమపిండి, పిడికెడు సంగటి, సన్నగా తరిగిన ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ, కరివేపాకు, రెండు గుప్పిళ్ళ మునగాకు, ఉప్పు. వేడినీళ్ళు కొంచెం కొంచెంగా పోసి మెత్తగా కలపండి. నూనె రాసిన అరిటాకు మీద తట్టి, ఆకుతో సహా పెనం మీద బోర్లించి, మెల్లగా ఆకు తీసెయ్యండి. మూతపెట్టి రెండు మూడు నిమిషాలు, తిప్పి ఇంకో రెండు నిమిషాలు. సంగటి కలిసింది కాబట్టి మధ్యాహ్నానికి కూడా మెత్తగానే ఉంటాది. దీన్ని చుట్టొద్దు, విరుగుతాది. సగానికి మడిచి పెట్టండి.

డాక్టరమ్మ చెప్పిన రెండు మాటలు కూడా ఇక్కడే చెప్తా. ఆకుకూరలో, గింజల్లో ఉండే ఇనుము ఒంటికి పట్టాలంటే తోడుగా నిమ్మకాయో, టమాటో, ఉసిరికాయో ఉండాలంట. తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము పట్టదంట, గంట ఆగాలంట. మనమేమో తిన్న చెయ్యి ఆరక ముందే టీ గ్లాసు పట్టుకుంటాం. ఇప్పుడు మా కోడలి డబ్బాలో అర నిమ్మకాయ చెక్క ఎప్పుడూ ఉంటాది. రొట్టెలే మందు అని నేను చెప్పడం లేదు. ఆమె ఇనుము మాత్రలు కూడా వేసుకుంది. మాత్రలు మింగి పస్తు ఉంటే లాభం లేదని చెప్తున్నా, అంతే.

మిగిలిన రొట్టె పారేయొద్దు

ఎంత లెక్క చేసినా రెండు మూడు మిగులుతాయి. సన్నగా సేమ్యా మాదిరి కత్తిరించి, ఆవాలు, ఎర్రగడ్డ, టమాట వేసిన తాళింపులో తిప్పితే రొట్టె ఉప్మా. గుడ్డు కొట్టి గరిటెతో దంచితే, మన ఊరి హోటళ్ళ కొత్తు పరోటా ఇంట్లోనే. పిల్లలకైతే రొట్టె చిన్నగా తుంచి, బెల్లం, నెయ్యి, యాలకపొడి వేసి చేత్తో బాగా నలిపి మలీద ముద్దలు కట్టండి. బడి నుంచి వచ్చేసరికి మా మనవరాలు డబ్బా మూత తీసి చూస్తాది. ఇంకా పాతబడితే పెనం మీద సన్నమంటకు గుడ్డతో నొక్కుతూ కాల్చండి, అప్పడమైతాది. సాయంత్రం మాకు ముసలోళ్ళకు అదే.

దూరదేశం చపాతీ

ఒక ఆదివారం నా కొడుకు బెంగళూరులో ఒక అంగడి నుంచి రంగు కవరు ఒకటి తెచ్చినాడు. పేరు టార్టిల్లా. విప్పి చూస్తే మన అరకాల్పు చపాతీలే, వరసగా దొంతర పెట్టి ఉన్నాయి. మా ఇంటామె "దీనికి అంత దుడ్డు పెట్టినావా, మీ నాయన్ని అడిగితే ఊరికే చేసిస్తాడు గదా" అనింది.

మా మనవరాలు ఫోన్‌లో చదివి దాని కథ చెప్పింది. మెక్సికో అనే దేశంలో పేదా గొప్పా అందరికీ అదే తిండి. అసలుది మొక్కజొన్నతో చేస్తారు. గోధుమది తరువాత వచ్చిందే. 500 ఏళ్ళ కిందట స్పెయిన్ వాళ్ళు ఆ దేశాన్ని పట్టుకున్నప్పుడు, ఆ రొట్టెను చూసి తమ భాషలో టార్టిల్లా అని పేరు పెట్టినారు. చిన్న అట్టు అని దానికి అర్థం. వాళ్ళు మొక్కజొన్నను సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు. ఆ సున్నం వల్ల మొక్కజొన్నలో దాగిన ఒక సత్తువ ఒంటికి అందుతాదంట. ఆ గింజను తీసుకుపోయి సున్నం లేకుండా అదే పనిగా తిన్న ఇటలీ పేదలకు చర్మం పగిలే జబ్బు వచ్చిందంట. మనం ఇక్కడ సున్నంతో ఆ ప్రయోగం చెయ్యొద్దు, దానికి వాళ్ళ పద్ధతి, వాళ్ళ కొలత ఉన్నాయి. ఎవరూ బడిలో చదవని ఆడవాళ్ళే వేల ఏళ్ళ కిందట అది కనిపెట్టినారే అని నాకు ఆశ్చర్యం.

ఇంకో ముచ్చట. మిరపకాయ, టమాట, ఉర్లగడ్డ, చెనక్కాయ, ఇవన్నీ ఆ అమెరికా ఖండాల నుంచే ఓడల్లో మన దేశానికి వచ్చినాయంట. అంటే మా కోడలి డబ్బాలో చుట్టే మనది, లోపలి సరుకు సగం వాళ్ళది. వాళ్ళు కూడా ఉడికించిన చిక్కుడు గింజలు, మిరపకాయ, టమాట పెట్టి మడిచి చేత్తో పట్టుకుని తింటారు. నిన్నటి టార్టిల్లాలను ముక్కలు చేసి నూనెలో వేయించి, కారం పులుసులో వేసి పొద్దున తింటారంట. మిగిలిన రొట్టె పారేయకూడదనే మాట అక్కడి అమ్మలకూ తెలుసు.

ఆ కవరులోవి అప్పుడప్పుడు తినొచ్చు, తప్పు లేదు. రోజూ కొనేంత కూలి మనకు ఎవరిస్తారు? మన చేతిలో ఉన్న పనికి మనం దుడ్డు పెట్టక్కరలేదు.

మొగోళ్ళకు ఒక మాట

నేను పీట వేసుకుని రొట్టెలు వత్తేది మొదలుపెట్టినప్పుడు, మా ఇంటామె తలుపు మూసేది. "ఏమయ్యా, చూసినోళ్ళు ఏమనుకుంటారు? నేను చచ్చినాననుకుంటారు" అనేది. ఆమెకు చేతి కీళ్ళ నొప్పులు, కట్టె పట్టలేదు. అయినా నన్ను కూర్చోనిచ్చేదానికి సిగ్గు. లైనులో ఒకాయన "ఏమన్నా, మిల్లులో నూలు తీసినోడివి, ఇంట్లో రొట్టెలు తీస్తుండావా" అని ఎగతాళి చేసినాడు. నేను ఒక వేడి రొట్టె, ఇంత టమాట తొక్కు వేసి చేతిలో పెట్టినా. తిన్నాడు. ఇంకోటి అడిగినాడు. మరుసటి నెల ఆయన కూతురు కూడా బండి ఎక్కింది. ఒక సాయంత్రం ఆయనే వచ్చి, పిండికి నీళ్ళు ఎన్ని పొయ్యాలని అడిగి పోయినాడు.

మనలో చాలామందిమి మిల్లులు పోయి, గనులు పోయి, ఇంట్లో కూర్చున్నోళ్ళం. షిఫ్టులు చేసిన ఒళ్ళు మనది. రాత్రి ఎనిమిదికి ఒక గంట పని అంటే మనకు లెక్క కాదు. ఆ గంట బండి ఎక్కే పిల్లకు పొద్దున నిద్ర అయితాది. నేను వత్తుతా, నా కొడుకు నైట్ డ్యూటీకి పోయే ముందు కాలుస్తాడు, మనవరాలు గుడ్డ మీద పరుస్తాది. మా ఇంటామె తలుపు ఇప్పుడు మూయదు. పక్కన కూర్చుని, ఇది గుండ్రంగా లేదు, అది మందంగా ఉంది అని వంకలు పెడతాది. ఆమె చెప్పేది నిజమే. నావి ఇప్పటికీ గుండ్రంగా రావు. చుట్టేస్తే ఎవరికి తెలుస్తాది?

మూడు నెలలకు మా కోడలి రక్తం 10కి వచ్చింది. ఇంకా 12 కాలేదు, ఇంకా పోతున్నాం. పోయిన వారం ఆమె తిరిగొచ్చి, ఖాళీ డబ్బా కడుగుతూ, "మామా, రేపటికి రెండు ఎక్కువ పెట్టు. కొత్తగా చేరిన పిల్ల ఒకటి ఉంది, తెచ్చుకోవడం లేదు" అనింది. ఆ రాత్రి పిండి ఇంకో గుప్పెడు ఎక్కువ కలిపినా.

ఈ ఆదివారం మీ ఇంట్లో ఒక కిలో పిండి కలిపి చూడండి. దొంతర పెట్టే ముందు చల్లారనివ్వడం మాత్రం మరవొద్దు.